1/32 లోటస్ 49 సొంతంగా కట్టడం: ఛాసిస్ ఎందుకు గెంతుతుంది, బాడీ ఎలా తీయాలి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. 1967 నాటి ఫార్ములా వన్ రేసు కారు లోటస్ 49ని 1/32 స్కేలులో స్లాట్ కారుగా (ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరిగెత్తే చిన్న మోడల్ కారు), అయస్కాంతం లేకుండా చెక్క ట్రాక్ మీద నడిచేలా కట్టాలి. ఇప్పటికే చేసిన ఇత్తడి ఛాసిస్ మలుపుల్లో వెనక నుంచి గెంతుతోంది, ముందు వైపు అతుకులు ఊడిపోతున్నాయి. బాడీకి ఫైబర్‌గ్లాస్ మంచిదా, ప్లాస్టిక్ షీటును వేడిచేసి వాక్యూమ్‌తో లాగడం మంచిదా అన్నది మూడోది.

గెంతడానికీ, అతుకులు ఊడడానికీ మూలం ఒకటే అయి ఉండాలి. ఛాసిస్ ఫ్రేములోని స్టీలు తీగలను బలవంతంగా నొక్కిపట్టి టంకం పెడితే వాటి స్ప్రింగు బలం ఛాసిస్ లోపలే ఉండిపోతుంది. క్లాంపులు తీయగానే ఫ్రేము కొద్దిగా మెలి తిరుగుతుంది. నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో ఉంటుంది. అతుకు మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది కాబట్టి గోడకు ఒక్క దెబ్బ తగలగానే అది ఊడుతుంది. మోటారు మార్చినా టైర్లు మార్చినా ఇది పోదు. అందుకే ఛాసిస్ గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు కొలతలు. అసలు కారు వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2413 మి.మీ., ముందు ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1524, వెనక ట్రాక్ 1549. వీటిని 32తో భాగిస్తే 75.4, 47.6, 48.4 మి.మీ. వస్తాయి. ఈ ట్రాక్ కొలత టైరు మధ్య గీత నుంచి అవతలి టైరు మధ్య గీతకు. కాబట్టి వెనక టైరు 9 మి.మీ. వెడల్పుదైతే బయటి అంచు నుంచి బయటి అంచుకు 57.4 మి.మీ. రావాలి. రిమ్ములు, టైర్లు చేతికొచ్చాకే మిగతా కొలతలు ఖాయం చేసుకోండి. టైరు వ్యాసం మారితే ఇరుసు ఎత్తు మారుతుంది, దాంతో మోటారు ఎత్తు, చివరికి బాడీ ఎత్తు కూడా మారతాయి. అసలు కారుకు 15 అంగుళాల చక్రాలు, అంటే మన స్కేలులో 11.9 మి.మీ. 12 మి.మీ. చుట్టుపక్కల రిమ్ము, సానబట్టాక వెనక 21 మి.మీ., ముందు 20 మి.మీ. టైరు ఉంటే కంటికి సరిగ్గా కనిపిస్తుంది.

21 మి.మీ. టైరుకు ఇరుసు కేంద్రం ట్రాక్ నుంచి 10.5 మి.మీ. ఎత్తున ఉంటుంది. ఛాసిస్ కింద 1 మి.మీ. ఖాళీ వదిలితే ఛాసిస్ అడుగు నుంచి వెనక ఇరుసు కేంద్రం 9.5 మి.మీ., ముందు ఇరుసు కేంద్రం 9 మి.మీ. జిగ్ (టంకం పెట్టేటప్పుడు ముక్కలను సరైన చోట నిలిపి ఉంచే పలక) మీద మీకు కావలసిన ఎత్తులు ఈ రెండే.

ఈ కారు విషయంలో మోటారు ఎంపిక చాలా వరకు ఆకారమే నిర్ణయిస్తుంది. కీత్ డక్‌వర్త్ డిజైన్ చేసిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజిన్‌ను లోటస్ 49లో నేరుగా కాక్‌పిట్ వెనక గోడకు బోల్టులతో బిగించారు, వెనక సస్పెన్షన్ అంతా ఇంజిన్, గేర్‌బాక్సుల మీదే వేలాడుతుంది. దాని మీద మూత ఉండదు. అంటే మోడల్‌లో మోటారును దాచడానికి బాడీ లేదు, మోటారు చుట్టూ ఇంజిన్ ఆకారమే కట్టాలి. మన స్కేలులో ఆ చోట దొరికే వెడల్పు 21-22 మి.మీ. మాత్రమే. ఎఫ్‌కే-130 రకం మోటారు డబ్బా 20 మి.మీ. వెడల్పు, పక్కన సిలిండర్ హెడ్లకు చోటు మిగలదు. ఎఫ్‌ఎఫ్-050 డబ్బా సుమారు 15.5 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ఎత్తు, 25 మి.మీ. పొడవు. రెండు పక్కలా మూడేసి మిల్లీమీటర్లు మిగులుతాయి. ఈ కారుకు ఎఫ్‌ఎఫ్-050 తప్ప వేరేది వద్దు. దాని షాఫ్టు 1.5 మి.మీ.లోనూ 2 మి.మీ.లోనూ దొరుకుతుంది, పినియన్ కొనేముందు కొలవండి. గేర్లకు 9 పళ్ల పినియన్ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు), 27 పళ్ల క్రౌన్ గేరు (వెనక ఇరుసు మీది పెద్ద గేరు), అంటే 3:1తో మొదలుపెట్టండి.

సామాను విషయానికొస్తే, 1.6 మి.మీ., 1.2 మి.మీ. పియానో తీగ (గట్టి స్ప్రింగు స్టీలు తీగ) ఒక్కో మీటరు, 0.8 మి.మీ., 1 మి.మీ. ఇత్తడి రేకు చిన్న ముక్కలు, ముందు ఇరుసుకు 1/8 అంగుళం ఇత్తడి గొట్టం, వెనక బుష్షులకు (ఇరుసు తిరిగే ఉంగరాలు) 7/32 అంగుళం గొట్టం కావాలి. 3/32 అంగుళం ఇరుసు 1/8 గొట్టంలో కొద్ది వదులుతో తిరుగుతుంది. 3/16 అంగుళం బయటి వ్యాసమున్న నూనె పీల్చిన కంచు బుష్షు 7/32 గొట్టంలో సరిగ్గా కూర్చుంటుంది. ఇవి 0.014 అంగుళం మందం గోడ ఉన్న హాబీ గొట్టాల లెక్కలు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే గొట్టం గోడ మందంగా ఉంటుంది, ఒకదానిలో ఒకటి దూరదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇత్తడి రేకు, రాడ్డు రాణిగంజ్‌లో, సోల్డరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పియానో తీగ, సన్న గొట్టాలు మాత్రం బొమ్మ విమానాల సామాను అమ్మేవాళ్ల దగ్గర చూడండి.

పియానో తీగను మామూలు కటింగ్ ప్లయర్‌తో కత్తిరించకండి, ప్లయర్ నోటికి గంటు పడుతుంది, తెగిన ముక్క కంట్లోకి ఎగురుతుంది. చిన్న కటింగ్ డిస్కుతో కోయండి, కళ్లద్దాలు తప్పనిసరి. వంపు తిప్పేటప్పుడు పదునైన మూల మీద తిప్పితే తీగ లోపల పగులు వస్తుంది. 2 మి.మీ. వ్యాసార్థమైనా ఉండాలి.

జిగ్ కోసం 12 మి.మీ. హైలం (బేకలైట్ లాంటి గట్టి పలక) షీటు ముక్క, 150 × 100 మి.మీ. సరిపోతుంది. వేడికి కాలదు, బెజ్జం శుభ్రంగా పడుతుంది, టంకం అంటదు. దాన్ని కిచెన్ గ్రానైట్ ముక్క మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఊగితే వేరే ముక్క తీసుకోవాల్సిందే. పొడవునా మధ్య గీత గీసి, మూలమట్టంతో దానికి లంబంగా వెనక ఇరుసు గీత, అక్కణ్నించి 75.4 మి.మీ. దూరంలో ముందు ఇరుసు గీత, దానికి ఇంకో 10 మి.మీ. ముందు గైడ్ (ట్రాక్ గాడిలోకి దిగి బండికి దారి చూపే ముక్క) కేంద్రం గుర్తు పెట్టండి. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి సూదితో గీయాలి. ఇరుసు గీతల మీద రెండు పక్కలా ఇత్తడి దిమ్మెలు బిగించి, వాటిలో 9.5 మి.మీ., 9 మి.మీ. ఎత్తున 3/32 అంగుళం బెజ్జాలు వేయండి. ఎడమ కుడి దిమ్మెలను కలిపి పట్టి ఒకేసారి బెజ్జం వేస్తే ఎత్తులో తేడా రాదు. జిగ్‌లో వాడే ఇరుసులకు పర్మనెంట్ మార్కర్ సిరా పూయండి, టంకం అంటుకోదు.

టంకం గురించి. 25 వాట్ల ఐరన్ సర్క్యూట్ బోర్డులకు సరిపోతుంది కానీ ఇత్తడి వేడిని గుంజుకుంటుంది. 60 నుంచి 80 వాట్ల ఐరన్, 5 మి.మీ. వెడల్పు ఉలి ఆకారం మొన కావాలి. 60/40 తగరం-సీసం టంకం, 1 మి.మీ. తీగ. రోజిన్ ఫ్లక్స్‌తో స్టీలు తీగకు టంకం అంటదు. మీ ముందు అతుకులు ఊడడానికి ఇది రెండో కారణం కావచ్చు. ఫాస్ఫారిక్ యాసిడ్ లేదా జింక్ క్లోరైడ్ ద్రవ ఫ్లక్స్ వాడండి. కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం కూడా ఇత్తడి మీద పనిచేస్తుంది, కానీ పొగ ఎక్కువ, మిగిలిన ఉప్పు తీగను తినేస్తుంది, అందుకే ఇక్కడ వద్దు.

తీగను 220 నంబరు ఎమెరీతో మెరిసేదాకా రుద్దండి. ఫ్లక్స్ ఒక్క చుక్క. ఐరన్ మొన మీద కొద్దిగా టంకం ఉంచి రెండు లోహాలనూ కలిపి తాకించండి, మూడు నాలుగు సెకన్లలో ఫ్లక్స్ చిటపటలాడి ఆగుతుంది. అప్పుడు టంకం తీగను ఐరన్‌కు కాకుండా అతుకుకు అవతలి పక్క తాకించాలి. వేడి సరిపోతే టంకం అతుకు కిందకు పాకి, ఇవతలి పక్క సన్నని వెండి గీతలా బయటపడుతుంది. ఆ గీత కనిపించిందంటే అతుకు పట్టింది. గుండ్రటి పూసలా పైనే కూర్చుంటే ఎంత టంకం పోసినా అది పైపై పూతే, తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఐరన్ తీశాక నాలుగైదు సెకన్లు కదపకూడదు. కదిలితే అతుకు మసకబారి గరుగ్గా అవుతుంది, అది పగిలిన అతుకు కిందే లెక్క.

తీగ చివరను రేకు అంచుకు ఆనించి అతికితే నిలవదు. కనీసం 5 మి.మీ. పొడవున తీగ రేకు మీద పడుకోవాలి. దెబ్బ తగిలే ముందు భాగంలో అతుకు చుట్టూ సన్న రాగి తీగను నాలుగైదు చుట్లు బిగించి దాని మీద టంకం పారిస్తే, గోడకు కొట్టినప్పుడు తీగ వంగుతుంది గానీ అతుకు ఊడదు.

కట్టే వరుసలో వెనక భాగమే మొదటిది. 1 మి.మీ. ఇత్తడి రేకును U ఆకారంలో వంచి మోటారు బ్రాకెట్ చేయండి. మోటారు ముఖం మీదున్న బొడిపెను, స్క్రూ బెజ్జాలను వెర్నియర్‌తో కొలిచి బెజ్జాలు వేయండి. స్క్రూ లోపలికి 2 మి.మీ. కన్నా ఎక్కువ దిగితే వైండింగ్‌ను గీకుతుంది. బ్రాకెట్ రెండు చెక్కల గుండా 7/32 గొట్టాన్ని ఒకే ముక్కగా అడ్డంగా దూర్చి, జిగ్‌లో నిలబెట్టి టంకం పెట్టండి. ఆ తర్వాతే క్రౌన్ గేరు తిరిగే మధ్య భాగాన్ని కోసేయండి. ఇలా చేస్తే రెండు బుష్షుల గూళ్లు ఒకే గీతలో ఉండి తీరతాయి. విడివిడి ముక్కలు అతికి సరిచేయాలని చూస్తే ఇరుసు ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. బుష్షులను టంకంతో బిగించకండి, వేడికి వాటిలోని నూనె ఆవిరైపోతుంది. గొట్టంలో ఒక చుక్క సూపర్ గ్లూ చాలు.

మోటారును సమతలంగా పడుకోబెడితే దాని అడుగు ఛాసిస్ అడుగు నుంచి 3.5 మి.మీ. పైన ఉంటుంది (9.5లోంచి సగం ఎత్తు 6 తీసేస్తే). బండిలో అన్నిటికన్నా బరువైన వస్తువు అంత పైన ఉండకూడదు. షాఫ్టు గీత ఇరుసు కేంద్రం గుండా పోతే చాలు, మోటారు ఏ కోణంలో వాలినా పినియన్, క్రౌన్ సరిగ్గానే కలుస్తాయి. కాబట్టి బ్రాకెట్ ముఖాన్ని నాలుగైదు డిగ్రీలు వాల్చి, మోటారు అవతలి కొసను సుమారు 3 మి.మీ. దించండి. మలుపులో బండి పక్కకు పడిపోవడం దీంతోనే చాలా తగ్గుతుంది. ఇంత చవగ్గా దొరికే లాభం ఈ ఛాసిస్‌లో ఇంకెక్కడా లేదు.

తర్వాత పట్టాలు, అంటే వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే తీగలు. ప్రతి పక్కా లోపల 1.6 మి.మీ. తీగ, దానికి ఆనుకుని బయట 1.2 మి.మీ. తీగ. రెండు పక్కల లోపలి తీగల మధ్య 16 మి.మీ. ఖాళీ. మోటారు ఆ ఖాళీలోకి దిగుతుంది. మొత్తం వెడల్పు 21.6 మి.మీ., బాడీ కింద దాక్కుంటుంది. 1.2 తీగను రెండు కొసల్లో మాత్రమే 1.6 తీగకు అతకండి, మధ్యలో వదిలేయండి. పొడవంతా కలిపి టంకం పోస్తే రెండూ ఒకే దుంగలా బిగుసుకుని ఛాసిస్‌లో మెత్తదనం పోతుంది. గెంతడానికి అది కూడా ఒక కారణం.

ముందు భాగానికి 0.8 మి.మీ. రేకు, ముందు ఇరుసు వెనక నుంచి గైడ్ దాకా. దాని మీద 1/8 గొట్టం, గైడ్ కాడకు సరిపోయే గొట్టం ముక్క. గైడ్ కాడ గొట్టంలో ఊగకూడదు, కానీ దాని బరువుకే తిరగాలి. ముందు ఇరుసు గొట్టాన్ని నేరుగా రేకుకు కాక రెండు పక్కలా చిన్న ఇత్తడి నిలువు ముక్కలకు అతికితే, తర్వాత ఎత్తు మార్చడం సులువు.

ఇప్పుడు అసలు కీలకం. ప్రతి తీగను టంకానికి ముందు జిగ్ మీద వదిలేసి చూడండి. వేలితో నొక్కకుండానే పొడవంతా ఆనుకుని పడుకోవాలి. ఒక కొస అర మిల్లీమీటరు లేచినా వంచి సరిచేయాలి గానీ పిన్నుతో అదిమిపెట్టి అతకకూడదు. మొత్తం అతికాక క్లాంపులన్నీ తీసేసి, ఇరుసులు మాత్రం జిగ్‌లో ఉండగా, ఒక్కో అతుకును మళ్లీ కరిగే దాకా వేడిచేసి వదిలేయండి. వెనక నుంచి ముందుకు రండి, ప్రతి అతుకు పూర్తిగా చల్లారాకే తర్వాతది. దాగిన బలం అప్పుడు బయటికి పోతుంది. కొన్ని అతుకుల దగ్గర తీగ చిన్నగా కదలడం కళ్లతోనే చూస్తారు. పక్క అతుకు కరగకుండా మధ్యలో తడి దూది పెట్టండి.

ఆపైన కడగడం. ఒక లీటరు నీళ్లలో రెండు చెంచాల వంట సోడా, పాత టూత్ బ్రష్షు. తర్వాత సబ్బు వేడినీళ్లు. ఆరాక తీగలకు సన్నగా మెషిన్ ఆయిల్ పూయండి. యాసిడ్ మిగిలితే తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు, కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో మరీ తొందరగా పడుతుంది. మోటారు, గేర్లు, బుష్షులు కడిగిన తర్వాతే ఎక్కించాలి. టంకం పని కిటికీ దగ్గర చేయండి, సీసం ముట్టాక చేతులు సబ్బుతో కడగండి.

చక్రాలు వేసే ముందు వెనక టైర్లను రిమ్ముకు సూపర్ గ్లూతో అతికి, ఇరుసు మీద తిప్పుతూ చదునైన పలకకు అంటించిన 240, ఆ తర్వాత 400 నంబరు కాగితం మీద సానబట్టండి. ఒత్తితే రబ్బరు వేడెక్కి చిరుగుతుంది, ఆనీ ఆననట్టు పట్టాలి. ముందు టైర్లకు పట్టు అక్కర్లేదు. వాటి మీద సన్నగా గోళ్ల రంగు పూస్తే జారుతూ తిరుగుతాయి, గైడ్ స్వేచ్ఛగా దారి చూపుతుంది.

పరీక్షకు అద్దం పలక చాలు. వెనక రెండు టైర్ల కింద వెడల్పంతా వెలుతురు కనపడకూడదు. ముందు టైర్ల కింద సిగరెట్ కాగితమంత సన్నని కాగితం పెట్టి లాగితే రెండు పక్కలా ఒకేలా, స్వల్పంగా పట్టుకుని రావాలి. తర్వాత గైడ్ కేంద్రం నుంచి వెనక ఇరుసు రెండు కొసలకూ కొలవండి, 0.2 మి.మీ. కన్నా తేడా ఉంటే బండి ఒక వైపు మలుపులో బాగుండి ఇంకో వైపు తిరగబడుతుంది. ఇరుసుకు పక్కల కదలిక 0.2 మి.మీ. ఉంచండి. గేర్ల మధ్య సన్న కాగితం పట్టీ పెట్టి బిగించి, తర్వాత లాగేస్తే సరైన వదులు మిగులుతుంది.

ఇక బాడీ. ఒకే బండికైతే ఫైబర్‌గ్లాస్ వద్దని నా సలహా. ఆడ అచ్చు (బాడీ ఆకారం గుంటగా ఉండే అచ్చు) చేయాలి, అది రెండు ముక్కలుగా చేయాలి, గోడ మందం ఎంత జాగ్రత్తపడినా 1 మి.మీ. దగ్గరకు వస్తుంది. ఒకే ఆకారంలో అరడజను బాడీలు కావాలంటే అప్పుడు దాని శ్రమకు ఫలితం ఉంటుంది. అదే 0.5 మి.మీ. పీఈటీజీ ప్లాస్టిక్ షీటు నుంచి వాక్యూమ్‌తో లాగిన లోటస్ 49 టబ్బు (ముక్కు నుంచి సీటు వెనక దాకా ఉండే బాడీ) కత్తిరించాక 4 గ్రాముల లోపే ఉంటుంది.

అచ్చు దిమ్మెకు బాల్సా మరీ మెత్తన, టేకు మరీ గట్టి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి దొరికితే ఈ పనికి చక్కగా సరిపోతుంది, తేలిక, కత్తికి ఎదురు తిరగదు. డ్రాయింగును ప్రింటు తీసినప్పుడు పొడవు, వెడల్పు రెండు దిక్కుల్లోనూ స్కేలు సరిచూడండి. వీల్‌బేస్ 75.4 వచ్చినంత మాత్రాన వెడల్పు సరిగ్గా ఉందనుకోవద్దు. పక్క నుంచి, పై నుంచి ఆకారాలు కోసి, ముక్కు, ముందు ఇరుసు, స్టీరింగ్, సీటు వెనక, ఈ నాలుగు చోట్ల అడ్డకోత అట్ట మూసలు చేసుకుని వాటికి సరిపోయేదాకా చెక్కండి. షీటు మందం పైన కలుస్తుంది కాబట్టి దిమ్మెను ప్రతి పక్కా 0.4 మి.మీ. తక్కువ చేయాలి. ముక్కు దగ్గర షీటు సాగి పల్చబడుతుంది, అక్కడ 0.3 చాలు.

లోటస్ 49 టబ్బు చుట్ట ఆకారం. మధ్యలో వెడల్పు, కిందికి మళ్లీ లోపలికి తిరుగుతుంది. దిమ్మెను అలాగే చెక్కితే లాగిన షీటు దిమ్మెను పట్టేసుకుని రాదు. దిమ్మెను పొడవునా మూడు పొరలుగా కోసి, మధ్య పొరను కిందికి వెడల్పయ్యే మేకు ఆకారంలో చేయండి. లాగాక మధ్య పొరను కింద నుంచి ముందు ఊడదీస్తే పక్క పొరలు లోపలికి వాలి బయటికి వస్తాయి. దిమ్మె కింద 10 మి.మీ. ఎత్తు పీట వేస్తే ముడతలు కత్తిరించే గీతకు కిందే పడతాయి. శాండింగ్ సీలర్ మూడు నాలుగు పూతలు వేసి, మధ్యలో 400, చివర 600 కాగితంతో రుద్దండి. చెక్క నరం కంటికి కనపడకపోయినా వేడి షీటు దాన్ని అచ్చు తీసేస్తుంది. ముక్కు బెజ్జం, కాక్‌పిట్ అంచు లాంటి గుంటల్లో గాలి పోవడానికి 0.8 మి.మీ. బెజ్జాలు వేయండి.

షీటును ఫ్రేములో బిగించి ఓవెన్‌లో వేడిచేస్తే మొదట అలలు తిరుగుతుంది, తర్వాత చదునవుతుంది, ఆ తర్వాత మధ్యలో దిగుతుంది. 150 మి.మీ. షీటు 15 మి.మీ. దిగగానే తీసి దిమ్మె మీద అదిమి వాక్యూమ్ క్లీనర్ వేయాలి. మొత్తం రెండు సెకన్ల పని. మూలల్లో మడతలు లేచాయంటే షీటు ఎక్కువ దిగింది, లేదా దిమ్మె చుట్టూ చోటు తక్కువ. అంచులు మొద్దుబారితే షీటు చాలినంత వేడెక్కలేదు, లేదా దిమ్మె చల్లగా ఉంది, ముందుగా దాన్ని గోరువెచ్చగా చేసుకోండి. తెల్లటి బుడగలు వస్తే షీటులో తేమ ఉంది. పాలీకార్బొనేట్ వాడితే ఇది తప్పదు, దాన్ని ముందుగా 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి, లాగడానికి 175 డిగ్రీలు దాటాలి. ఇంటి ఓవెన్‌తో పీఈటీజీయే మేలు. ఆ ఓవెన్ మళ్లీ వంటకు వాడకండి.

రంగు లోపలి నుంచి వేస్తే గోడకు రాసుకున్నా పోదు. 1967 రంగులు ఆకుపచ్చ, మధ్యలో పసుపు పట్టీ. నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో జూన్ 4న ఈ కారు మొదటిసారి బరిలోకి దిగి, జిమ్ క్లార్క్ నడపగా గెలిచిన రోజు దాని నంబరు 5. పట్టీ చోట టేపు వేసి ఆకుపచ్చ కొట్టండి. టేపు తీయకముందే ఆకుపచ్చ వెనక వెండి రంగు పల్చగా ఒక పూత వేయండి. తర్వాత టేపు తీసి పసుపు కొట్టండి. వెండి పూత లేకుండా పసుపు వేస్తే ఆకుపచ్చ వెనక నుంచి పసుపు తొంగిచూసి చిలకపచ్చగా మారుతుంది. నంబరు వృత్తాలు బయట అంటించుకోవచ్చు.

ఇంజిన్ భాగాన్ని 0.5 మి.మీ. స్టైరిన్ రేకుతో మోటారు మీద తొడిగే టోపీలా కట్టండి, పక్కల చీలికలు వదలండి, లేకపోతే మోటారు వేడి బయటికి పోదు. ఎనిమిది గాలి గొట్టాలకు 2 మి.మీ. అల్యూమినియం గొట్టం ముక్కలు కోసి, సెంటర్ పంచ్ మొన మీద తిప్పుతూ మూతి విప్పితే చక్కగా బాకా ఆకారం వస్తుంది. ఎగ్జాస్టుకు టంకం తీగ వాడమని చాలామంది చెబుతారు. అది సులువుగా వంగే మాట నిజమే, కానీ వెనక ఇరుసు దాటి పైన అంత బరువు పెడితే మనం మోటారు వాల్చి సంపాదించిన లాభం పోతుంది. స్టైరిన్ రాడ్డును వేడి చేసి వంచండి. సస్పెన్షన్ కడ్డీలు 0.5 మి.మీ. తీగతో చేసి ఛాసిస్‌కే అతకండి. బాడీకి అతికితే బాడీ ఊగదు.

బాడీ ఊగాలి. ముందొక స్క్రూ, సీటు వెనక ఒకటి. బాడీ బెజ్జాలు స్క్రూ కన్నా 0.6 మి.మీ. పెద్దవి, బిగించి అర మలుపు వెనక్కి తిప్పాలి. ఛాసిస్ కంపనం బాడీకి చేరితే అది మళ్లీ టైర్లకు చేరుతుంది.

మొత్తం బరువు 75 నుంచి 85 గ్రాముల మధ్య ఉంటే సరి. మొదటిసారి ట్రాక్ మీద అదనపు సీసం బరువు పెట్టకుండా 12 వోల్టుల సప్లైతో నెమ్మదిగా తిప్పండి. బండి వెనక్కి పోతే మోటారు తీగలు రెండూ తారుమారు చేయడమే. గైడ్ స్లాట్ లోంచి లేస్తుంటే గైడ్‌కు, ముందు ఇరుసుకు మధ్య 0.8 మి.మీ. సీసం రేకు రెండు గ్రాములు, అవసరమైతే ఇంకో రెండు. పక్కకు పడుతుంటే బరువు పట్టాల మధ్య అడుగునే పెట్టాలి, వెనక ఇరుసు దాటి ఎప్పుడూ వద్దు. ఇవన్నీ చేశాక కూడా గెంతితే వరుసగా బాడీ స్క్రూలు, టైర్ల గుండ్రదనం, వెనక ఇరుసు వదులు చూడండి. ఆ మూడూ బాగుంటే తీగ అతుకులను మరోసారి జిగ్‌లో కరిగించి వదలండి. జిగ్ పారేయకండి. వెనక ఇరుసు గీత నుంచి 72.2 మి.మీ. దగ్గర ఇంకో గీత గీసి దిమ్మెలు అక్కడ బిగిస్తే 2311 మి.మీ. వీల్‌బేస్ ఉన్న లోటస్ 25కి అదే జిగ్ పనికొస్తుంది.